పాత కారుకు టైమింగ్ పెట్టేటప్పుడు చెవిని ఎంతవరకు నమ్మొచ్చు?

క్లుప్తంగా

టైమింగ్ అంటే సిలిండర్‌లో స్పార్క్ పడే క్షణం. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టుకోవడం) వినిపించేదాకా స్పార్క్‌ను ముందుకు తిప్పి, తర్వాత కొంచెం వెనక్కి లాగి బిగించడం చాలా ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. బంకుల్లో తక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెట్రోల్ దొరికిన కాలానికి అది సరిపోయింది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి ఈ20 పెట్రోల్ తేలిగ్గా నాకింగ్ చేయదు. అందుకే చెవి హెచ్చరించేలోపే టైమింగ్ హద్దు దాటిపోతోంది. డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) ఉండే పాయింట్ల గ్యాప్ ముందు సరిచేసి, హ్యాండ్‌బుక్ అంకె మీద స్టాటిక్ టైమింగ్ (ఇంజిన్ ఆపి పెట్టేది) పెట్టి, టైమింగ్ లైటుతో అడ్వాన్స్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడుతోందో) మొత్తం చూసి, చివర్లో లోడు మీద నడిపి నిర్ధారించుకోవడమే ఇప్పుడు నమ్మదగిన దారి.

గందరగోళం ఎక్కడ మొదలైంది

విజయవాడ ఆటోనగర్‌కు, గుంటూరు ఆటోనగర్‌కు వచ్చే పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, పెట్రోల్ జీపుల యజమానులు ఎండాకాలంలో చెప్పేవి దాదాపు ఒకే మాటలు. బెంజ్ సర్కిల్ దగ్గర నాలుగు సిగ్నళ్లు ఆగేసరికి ఇంజిన్ హీటెక్కుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేదు, వేడి మీద సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఎదురు తంతోంది. ఈ మూడింటికీ ఒక మెకానిక్ టైమింగ్ ముందుకు జరపాలంటాడు, ఇంకొకరు వెనక్కి జరపాలంటాడు. పెట్రోల్ మారిందని, కాబట్టి టైమింగ్ కూడా మార్చక తప్పదని మూడో మాట వినిపిస్తుంది.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఏమిటంటే టైమింగ్ ముందుకెళ్లినా, వెనకబడినా బయటికి కనిపించే లక్షణాల్లో కొన్ని ఒకటే. హీటెక్కడం రెండు వైపులా వస్తుంది, పికప్ తగ్గడమూ రెండు వైపులా వస్తుంది. లక్షణాన్ని చూసి డిస్ట్రిబ్యూటర్ తిప్పితే సగం సార్లు తప్పు వైపే తిరుగుతుంది.

ఇక్కడ చెప్పేది పాయింట్లు, కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడే చిన్న కెపాసిటర్) ఉన్న పెట్రోల్ ఇంజిన్ల గురించి. డీజిల్ అంబాసిడర్లకు స్పార్కే లేదు. 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 సీసీ అంబాసిడర్ల లెక్కలు వేరు.

పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ ఎందుకు

సిలిండర్‌లో పెట్రోల్, గాలి మిశ్రమం ఒక్కసారిగా పేలదు. ప్లగ్ దగ్గర అంటుకున్న మంట ఛాంబర్ అంతా పాకడానికి కొంత సమయం కావాలి. పీడనం పతాక స్థాయికి చేరేసరికి పిస్టన్ పై కొస, అంటే టీడీసీ, దాటి క్రాంక్ సుమారు 12 నుంచి 16 డిగ్రీలు తిరిగి ఉంటే కనెక్టింగ్ రాడ్ మీద తోపు బాగా పనికొస్తుంది. అందుకే మంటను ముందే రాజేయాలి.

ఎంత ముందు అన్నది వేగం మీద ఆధారపడుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర సెకనులో వెయ్యోవంతు కాలంలో క్రాంక్ 4.8 డిగ్రీలు తిరుగుతుంది. 3000 దగ్గర అదే కాలంలో 18 డిగ్రీలు. వేగం పెరిగేకొద్దీ ఛాంబర్‌లో సుడులు పెరిగి మంట కూడా చురుగ్గా పాకుతుంది కాబట్టి అడ్వాన్స్ అదే నిష్పత్తిలో పెరగనక్కర్లేదు. ఒక దశ దాటాక ఆగిపోవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల ప్లేటు కింద ఉండే రెండు బరువులు, రెండు స్ప్రింగులు చేసే పని ఇదే. ఇంజిన్ వేగంతో బరువులు బయటికి విచ్చుకుని పాయింట్లను తెరిచే కామ్‌ను ముందుకు తిప్పుతాయి, హద్దు తగలగానే నిలిచిపోతాయి.

వాక్యూమ్ అడ్వాన్స్ పని వేరు. యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కి సమంగా పోతున్నప్పుడు సిలిండర్‌లో మిశ్రమం పలచగా ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది. దానికి ఇంకొంచెం ముందు స్పార్క్ కావాలి. కార్బొరేటర్ నుంచి వచ్చే సన్న పైపు డయాఫ్రమ్‌ను లాగి ఆ అదనాన్ని ఇస్తుంది. పూర్తిగా తొక్కగానే వాక్యూమ్ పోయి ఆ అదనం కూడా పోతుంది. దీని వల్ల మైలేజీ వస్తుంది, బలం కాదు. డయాఫ్రమ్ చిరిగిన కారు అందుకే మామూలుగానే లాగుతున్నట్టుంటుంది కానీ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

కాబట్టి మెకానిక్ చేత్తో పెట్టేది మొదటి మెట్టు మాత్రమే. మిగతా రెండు మెట్లు డిస్ట్రిబ్యూటర్ తనంతట తాను వేసుకుంటుంది. అవి సరిగా పనిచేయకపోతే మొదటి మెట్టు ఎంత కచ్చితంగా పెట్టినా ఇంజిన్‌కు అందే టైమింగ్ తప్పే.

చెవి పద్ధతి అప్పట్లో ఎందుకు పనిచేసింది

ప్రతి ఇంజిన్‌కూ ప్రతి లోడు దగ్గర రెండు గీతలుంటాయి. గరిష్ఠ బలం ఇచ్చే అడ్వాన్స్ ఒకటి, నాకింగ్ మొదలయ్యే అడ్వాన్స్ రెండోది. పెట్రోల్ ఆక్టేన్ తక్కువైతే నాకింగ్ గీత ముందు వస్తుంది. బలం పతాకానికి చేరకముందే ఇంజిన్ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు నాకింగ్‌కు కాస్త ఇవతల ఆగడమే అందుబాటులో ఉన్న ఉత్తమ టైమింగ్. మన దేశంలో పెట్రోల్ 87, 93 అని రెండు ఆక్టేన్ గ్రేడుల్లో ఉన్న కాలంలో 87 మీద నడిచే బండికి ఈ పద్ధతి నిజంగానే సరిపోయింది. లైటు, మీటరు లేని షెడ్డులో చెవే కొలత పరికరమైంది.

ఆక్టేన్ పెరిగేకొద్దీ రెండో గీత అవతలికి జరుగుతుంది. ఈ పాత తరం ఇంజిన్ల కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో) ఎక్కువగా 7, 8 పరిసరాల్లో ఉంటుంది. పాత విల్లీస్ సైడ్ వాల్వ్ జీపుకైతే 6.48 మాత్రమే. ఇంత తక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌లో 95 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే బలం పతాకం దాటి కిందికి దిగుతున్నా చాలాసార్లు నాకింగ్ వినపడదు. చెవి కోసం ఎదురుచూసేవారు అప్పటికే 8, 10 డిగ్రీలు అవతలికి వెళ్లిపోయి ఉంటారు.

దీనికి తోడు ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) దగ్గర జరిగే మోసం ఒకటి ఉంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ నున్నగా, వేగంగా తిరిగితే అక్కడ బిగించడం మామూలుగా కనిపించే పని. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. సిలిండర్‌లో కాలిపోయిన పాత వాయువు చాలా మిగిలి కొత్త మిశ్రమాన్ని పలచన చేస్తుంది. ఆ మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఐడిల్‌లో ఇంజిన్ 20 డిగ్రీలు దాటి ఇచ్చినా ఆనందంగా తీసుకుంటుంది. అదే సెట్టింగ్‌తో రోడ్డెక్కితే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. స్టాటిక్ 18 అయి, బరువులు ఇంకో 24 కలిపితే 3500 ఆర్‌పీఎం దగ్గర 42 డిగ్రీలు. చాలా పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు పూర్తి లోడు మీద కావాల్సింది 30 డిగ్రీలకు అటూ ఇటూ. హైవే మీద ఆ వేగంలో టైర్ల రొద, గాలి రొద నాకింగ్‌ను మింగేస్తాయి. పిస్టన్ తల కాలిపోయేదాకా తెలియని నష్టం ఇలాగే మొదలవుతుంది.

ఈ20తో మారింది ఏమిటి

ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద చర్చంతా మైలేజీ, రబ్బరు పైపుల చుట్టూనే తిరుగుతోంది. టైమింగ్ కోణం మరుగున పడింది. దేశంలో 10 శాతం మిశ్రమం 2022లో, 20 శాతం 2025లో సాధ్యమయ్యాయి. సాధారణ పెట్రోల్ రీసెర్చ్ ఆక్టేన్ 91 నుంచి ఈ20తో 95కు చేరింది.

ఇంజిన్‌లో దీని ప్రభావం రెండు వైపులా లాగుతుంది. ఆక్టేన్ ఎక్కువ, పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడిని పీల్చుకుని లోపలికి వెళ్లే మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. ఈ రెండూ నాకింగ్‌ను తగ్గిస్తాయి. మరోవైపు ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు. పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్క, అంటే జెట్, పాతదే అయితే మిశ్రమం 7, 8 శాతం పలచబడుతుంది. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని సరిదిద్దుతుంది, పాత కారులో ఆ పని స్క్రూడ్రైవరే చేయాలి.

పలచని మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. అది సరిగ్గా టైమింగ్ వెనకబడిన ఇంజిన్‌లా ప్రవర్తిస్తుంది. పికప్ మందగిస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది, వేడి పెరుగుతుంది. అది చూసి టైమింగ్ ముందుకు జరిపితే కొంత నయమైనట్టే అనిపిస్తుంది. జబ్బు జెట్‌లో ఉంటే మందు డిస్ట్రిబ్యూటర్‌కు వేసినట్టవుతుంది. ముందు సరిచేయాల్సింది మిశ్రమం. ఎనిమిది శాతం ఎక్కువ పెట్రోల్ కావాలంటే జెట్ రంధ్రం వైశాల్యం అంత పెరగాలి, అంటే వ్యాసం సుమారు 4 శాతం. 110 నంబరు జెట్ ఉంటే 115 దగ్గరి అంకె. రంధ్రాన్ని తీగతో గీకి పెద్దది చేస్తే లోపలి నునుపు పోయి ప్రవాహం లెక్కకు అందదు. కొత్త జెట్ కొనడమే మేలు.

ఈ20 కోసం ప్రత్యేకంగా టైమింగ్ మార్చాలా అన్న ప్రశ్నకు సూటి జవాబు: హ్యాండ్‌బుక్ అంకెతో మొదలుపెట్టాలి. మిశ్రమం సరిచేశాక కూడా లోడు మీద లాగుడు మందంగా ఉంటే ఒక్కో డిగ్రీ చొప్పున, మొత్తం 2 డిగ్రీలు మించకుండా ముందుకు ఇచ్చి చూడొచ్చు. తేడా తెలియకపోతే తిరిగి పుస్తకం అంకెకే రావాలి. లాభం లేని అడ్వాన్స్‌కు నష్టం మాత్రం ఉంది.

కృష్ణా తీరంలో ఎండ, గాలి బరువు

మే నెలలో 42 నుంచి 45 డిగ్రీలు తాకే రోజుల్లో బోనెట్ కింద నుంచి ఇంజిన్ పీల్చే గాలి అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. వేడి గాలి నాకింగ్‌ను పెంచుతుంది. తేమ దీనికి వ్యతిరేకం, మంటను కొంచెం నెమ్మదింపజేసి నాకింగ్‌ను తగ్గిస్తుంది. అందుకే ఏప్రిల్‌లో పొడి గాలి వీచే మధ్యాహ్నం కొట్టుకున్న ఇంజిన్ జులైలో కొట్టుకోకపోవచ్చు. పరీక్ష ఏ వాతావరణంలో చేశారో రాసిపెట్టుకోవడం అందుకే మంచిది.

ఎత్తు సంగతి చాలామంది గమనించరు. పాత కార్లు బెంగళూరు నుంచి కొని తెచ్చుకునేవారున్నారు. ఆ నగరం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం ఇక్కడికంటే దాదాపు పదో వంతు తక్కువ. అక్కడ పెట్టిన అడ్వాన్స్ ఆ పలచటి గాలికి సరిపోతుంది. అదే బండి విజయవాడ దిగితే సిలిండర్‌లోకి బరువైన గాలి చేరి కంప్రెషన్ పీడనం పెరుగుతుంది. కొన్నచోట నున్నగా నడిచిన బండి ఇక్కడ ఎక్కువ తొక్కగానే కొట్టుకుంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

ఇంకో పొరపాటు ఎండాకాలంలోనే వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఆగి, బండి కదలగానే దగ్గి ఆగిపోవడం, అరగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అవడం చాలావరకు పెట్రోల్ పైపులో ఆవిరి కట్టడం వల్ల. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పంపు, పైపు ఎగ్జాస్ట్ పక్కనే ఉన్న బండ్లలో ఇది ఎక్కువ. టైమింగ్ తప్పు చల్లగా ఉన్నప్పుడూ కనిపిస్తుంది, ఆవిరి సమస్య వేడి మీద మాత్రమే వస్తుంది. తేడా పట్టుకోవడానికి ఈ ఒక్క గుర్తు చాలు.

డిస్ట్రిబ్యూటర్ తిప్పే ముందు

పాయింట్లు తెరుచుకునే క్షణమే స్పార్క్ పడే క్షణం. గ్యాప్ మారితే ఆ క్షణం మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. కాబట్టి టైమింగ్ పెట్టాక పాయింట్లు ముట్టుకుంటే చేసిన పనంతా వృథా. వరస ఎప్పుడూ ఒకటే, గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ మీద వచ్చే లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్‌కు గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., అంటే 14 నుంచి 16 తౌ (అంగుళంలో వెయ్యో వంతులు). విల్లీస్ జీపుకు 20 తౌ, సుమారు 0.5 మి.మీ. రాపిడి ముక్క కామ్ కొన మీద సరిగ్గా కూర్చున్నప్పుడు, అంటే పాయింట్లు పూర్తిగా తెరిచినప్పుడు, కొలవాలి. పాత పాయింట్ల మీద ఒక వైపు గుంట, ఇంకో వైపు బుడిపె ఏర్పడి ఉంటే ఫీలర్ గేజ్ బుడిపె మీద కూర్చుని గ్యాప్‌ను అసలు కంటే తక్కువగా చూపిస్తుంది. అలాంటివి గరుకు కాగితంతో రుద్ది వాడటం కంటే మార్చేయడమే మంచిది. కొత్త పాయింట్ల మీద తయారీలో రాసిన నూనె పొర ఉంటుంది, శుభ్రమైన గుడ్డతో, కొంచెం పెట్రోల్‌తో తుడవాలి. ఫీలర్ బ్లేడు మీద జిడ్డు ఉంటే అదీ పాయింట్ల మీద చేరి మాడుతుంది.

డ్వెల్, అంటే పాయింట్లు మూసి ఉండే కోణం, కొలిచే మీటర్ ఉంటే ఇంకా కచ్చితం. నాలుగు సిలిండర్లకు ఒక్కో దాని వాటా డిస్ట్రిబ్యూటర్‌లో 90 డిగ్రీలు, అందులో సుమారు 60 డిగ్రీలు పాయింట్లు మూసి ఉండాలి. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగితే టైమింగ్ క్రాంక్ లెక్కలో ఒక డిగ్రీ వెనక్కి జరుగుతుంది. రాపిడి ముక్క అరిగేకొద్దీ టైమింగ్ తనంతట తాను వెనకబడటానికి కారణం ఇదే. కామ్ మీద గ్రీజు సన్నగా ఒక పూత వేయకపోతే ఆ అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది.

ఇంకో మూడు పరీక్షలు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. రోటర్‌ను (డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే ముక్క) వేళ్లతో అది తిరిగే వైపు మెలిపెట్టి వదిలితే స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నట్టే. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి నాలుకతో మూస్తే ప్లేటు కదిలి అలాగే నిలబడాలి, జారిపోతే డయాఫ్రమ్ చిరిగింది. షాఫ్ట్‌ను పక్కలకు ఊపితే చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. బుష్‌లు అరిగితే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో టైమింగ్ వస్తుంది, దానికి ఏ సెట్టింగూ మందు కాదు.

స్టాటిక్ టైమింగ్: 12 వోల్టుల బల్బు చాలు

మొదటి సిలిండర్ ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పాలి. గాలి వేలిని తోస్తే అది కంప్రెషన్ స్ట్రోక్. మిగతా ప్లగ్గులు కూడా తీసేస్తే తిప్పడం తేలిక. టాపెట్ కవర్ తీసి ఉంటే ఇంకో గుర్తు ఉంది. మొదటి సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో ఉన్నప్పుడు నాలుగో సిలిండర్ రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉంటాయి. ఈ మెట్టు తప్పితే టైమింగ్ సగం చక్రం, క్రాంక్ లెక్కలో 360 డిగ్రీలు, తప్పుతుంది. కార్బొరేటర్‌లో ఎదురు మంట వస్తుంది.

క్రాంక్ పుల్లీ మీద గాటు, టైమింగ్ కవర్ మీద కొసలు ఉంటాయి. అంబాసిడర్ ఇంజిన్‌లో పొడుగాటి కొస టీడీసీ, మిగతావి 5, 10 డిగ్రీల ముందు గుర్తులు. జిడ్డు తుడిచి తెల్ల పెయింట్ చుక్క పెట్టాలి. గుర్తులు చెరిగిపోయినా, పుల్లీ మార్చి ఉన్నా టీడీసీని మళ్లీ కనుక్కోవాలి. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి ఎక్కడ ఆగిందో చూసి గీత గీసే పద్ధతి నమ్మకం లేనిది, ఎందుకంటే పై కొస దగ్గర క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టు తెలియదు. దానికి బదులు పాత ప్లగ్ గుల్లలో బోల్టు బిగించి పిస్టన్‌కు అడ్డుపెట్టాలి. చేత్తో, మెల్లగా ఒక వైపు తిప్పి ఆగినచోట ఒక గీత, రెండో వైపు తిప్పి ఆగినచోట ఇంకో గీత గీయాలి. రెండింటికీ సరిగ్గా మధ్యన టీడీసీ. అక్కడి నుంచి డిగ్రీలు కొలవడానికి పుల్లీ వ్యాసాన్ని 3.14తో హెచ్చించి 360తో భాగిస్తే చాలు. 125 మి.మీ. పుల్లీకి ఒక డిగ్రీ 1.09 మి.మీ. పది డిగ్రీలంటే దాదాపు 11 మి.మీ.

హ్యాండ్‌బుక్ అంకె బండిని బట్టి మారుతుంది. విల్లీస్ ఎఫ్ హెడ్ 134 ఘనాంగుళాల ఇంజిన్‌కు 5 డిగ్రీలు. అంబాసిడర్‌కు ఏ మార్క్, ఏ కంప్రెషన్ అన్నదాన్ని బట్టి సొంత బండి పుస్తకం చూడాలి. పక్క బండి అంకె పనికిరాదు.

ఇంజిన్‌ను అది తిరిగే వైపే తిప్పుతూ గాటును ఆ డిగ్రీకి తేవాలి. దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకే రావాలి. నేరుగా వెనక్కి లాగితే టైమింగ్ చైన్ వదులు వల్ల రెండు, మూడు డిగ్రీలు తేడా వస్తుంది. మూత తీసి చూస్తే రోటర్ మొదటి సిలిండర్ తీగ వైపు చూపాలి. ఇప్పుడు 12 వోల్టుల బల్బు ఒక తీగను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కు, పాత లూకాస్ కాయిల్ మీద సీబీ అని ఉంటుంది, ఇంకో తీగను బాడీ ఎర్త్‌కు కలపాలి. ఇగ్నిషన్ ఆన్ చేయాలి. పాయింట్లు మూసి ఉంటే బల్బు ఆరి ఉంటుంది, తెరుచుకోగానే వెలుగుతుంది. క్లాంప్ వదులు చేసి బాడీని రోటర్ తిరిగే వైపు తిప్పి బల్బు ఆర్పాలి, తర్వాత ఎదురు వైపు మెల్లగా తెస్తూ వెలిగిన క్షణంలో ఆపి బిగించాలి. రోటర్‌కు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, రోటర్ తిరిగే వైపు తిప్పితే రిటార్డ్, అంటే వెనక్కి. అంబాసిడర్‌లో రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. వేరే బండ్లలో మూత తీసి, హ్యాండిల్ తిప్పి కళ్లారా చూడాలి. బిగించాక ఇంజిన్ రెండు చుట్లు తిప్పి బల్బు అదే గుర్తు దగ్గర వెలుగుతోందా అని మళ్లీ చూడాలి. క్లాంప్ బిగించేటప్పుడే బాడీ కదలడం చాలా మామూలు. ఇగ్నిషన్ ఆన్‌లో, పాయింట్లు మూసి ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది, కాబట్టి బాడీ ఒక డిగ్రీ కదిలితే టైమింగ్ రెండు డిగ్రీలు మారుతుంది. సుమారు 60 మి.మీ. వ్యాసం ఉన్న బాడీ అంచు అర మిల్లీమీటరు కదిలినా అంతే తేడా. కొంచెం తిప్పడం అనే మాటకు ఇక్కడ చోటు లేకపోవడానికి కారణం ఇది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో కొన్నింటికి పక్కన చిన్న గరుకు నట్టు ఉంటుంది, ఏ, ఆర్ అక్షరాలతో. దాని 11 క్లిక్కులు ఒక డిగ్రీ. క్లాంప్ వదలకుండానే సన్న సర్దుబాటు చేయడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు, తుప్పుపట్టకుండా కాపాడుకోవాలి.

టైమింగ్ లైటు ఏం చూపిస్తుంది

బల్బు ఆగి ఉన్న ఇంజిన్‌లో మొదటి మెట్టును చూపిస్తుంది. నడుస్తున్న ఇంజిన్‌ను చూపించేది లైటు. వాక్యూమ్ పైపు పీకి, మూసి, మొదటి సిలిండర్ తీగకు క్లిప్ పెట్టి పుల్లీ మీద వెలుగు వేయాలి. ఫ్యాను, బెల్టు ఆగి ఉన్నట్టు కనిపిస్తాయి, చేతులు జాగ్రత్త. ఆరు వోల్టుల బండి అయినా, పాజిటివ్ ఎర్త్ బండి అయినా లైటుకు కరెంటు వేరే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇస్తే గొడవ ఉండదు.

పుస్తకంలో స్టాటిక్ అంకె, నడుస్తున్నప్పటి అంకె రెండూ ఉంటే కలిపేయకూడదు. ఐడిల్ వేగానికే బరువులు కొద్దిగా విచ్చుకునే డిస్ట్రిబ్యూటర్లున్నాయి. అందుకే ఆ రెండు అంకెల మధ్య కొన్ని డిగ్రీల తేడా సహజం.

తర్వాత యాక్సిలరేటర్ మెల్లగా పెంచుతూ గుర్తు కదలిక చూడాలి. నున్నగా జరిగి, ఒక వేగం దగ్గర ఆగాలి. జరగకపోతే బరువులు బిగుసుకున్నాయి. తటాలున దూకితే ఒక స్ప్రింగు సాగిపోయింది లేదా తెగింది. ఒకచోట నిలవకుండా వణికితే షాఫ్ట్ బుష్‌లు, లేదా చైన్. మొత్తం 30 దాటి బాగా ముందుకు పోతుంటే ఐడిల్ అంకె ఎంత సరిగ్గా ఉన్నా వెనక్కి తగ్గించి, డిస్ట్రిబ్యూటర్ బాగు చేయించాలి. పాత ఇంజిన్‌లో ఐడిల్ అంకె, పూర్తి అడ్వాన్స్ రెండూ కుదరనప్పుడు పూర్తి అడ్వాన్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలి. పిస్టన్లు కాలేది అక్కడే.

లోడు మీద నడిపి చూడటం

విజయవాడ, గుంటూరు మధ్య హైవే దాదాపు సమతలం, అక్కడ నాకింగ్ బయటపడదు. ఎత్తు ఎక్కాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేచోట గానీ, గుంటూరు వైపువారు కొండవీడు ఘాట్ రోడ్డు మీద గానీ టాప్ గేర్‌లో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నుంచి గట్టిగా తొక్కి వినాలి. ఒకటి రెండు సెకన్లు సన్నగా టకటకమని ఆగిపోతే ప్రమాదం లేదు. ఆగకుండా వస్తే 2 డిగ్రీలు వెనక్కి. ఏ చప్పుడూ లేకపోతే టైమింగ్ సరిగ్గా ఉందని అర్థం కాదు. ఈ20 మీద ఆ నిశ్శబ్దం కంటే లైటు చూపిన అంకెనే నమ్మాలి.

హీటెక్కుతోందన్న ఫిర్యాదును విడదీయడానికి కొన్ని గుర్తులు ఉపయోగపడతాయి. టైమింగ్ వెనకబడితే మంట ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేదాకా కాలుతూనే ఉంటుంది. మ్యానిఫోల్డ్, సైలెన్సర్ పైపు విపరీతంగా కాలిపోతాయి, యాక్సిలరేటర్ తొక్కినా బండి బద్ధకంగా కదులుతుంది, సెల్ఫ్ మాత్రం తేలిగ్గా తిరుగుతుంది. ముందుకెళ్తే పిస్టన్ పైకొస్తుండగానే పీడనం ఎదురు నిలబడి వేడంతా హెడ్‌లోకి, నీళ్లలోకి వెళ్తుంది. వేడి మీద సెల్ఫ్ ఎదురు తంతుంది, ఐడిల్ మాత్రం బాగుంటుంది. హ్యాండిల్ వాడే బండ్లలో అది మణికట్టు విరిగేంత ప్రమాదం, బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి. రెండు రకాల గుర్తులూ లేకుండా హీటెక్కితే రేడియేటర్, ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్ వైపు చూడాలి తప్ప డిస్ట్రిబ్యూటర్ జోలికి వెళ్లకూడదు.

కండెన్సర్, గ్యాస్ కిట్, ఎలక్ట్రానిక్ మాడ్యూల్

వేడెక్కాక మిస్సింగ్, పాయింట్లు త్వరగా నల్లబడటం కండెన్సర్ గుణం. దాని విలువ 0.2 మైక్రోఫారాడ్ పరిసరాల్లో ఉంటుంది. కొత్తవాటిలో నాసిరకం ఎక్కువ కాబట్టి పాత మంచిది ఒకటి డిక్కీలో ఉంచుకోవాలి. ప్లేటుకు ఎర్త్ ఇచ్చే సన్న తీగ లోపల తెగినా ఇవే లక్షణాలు.

గ్యాస్ కిట్ పెట్టించుకుని నడిచిన బండ్లది వేరే కథ. ఎల్‌పీజీ, సీఎన్‌జీ ఆక్టేన్ ఎక్కువ, కాలే వేగం తక్కువ, అందుకని టైమింగ్ ముందుకు జరిపి ఉంటారు. కిట్ తీసేసి పెట్రోల్‌కు వచ్చినప్పుడు ఆ అడ్వాన్స్ అలాగే ఉండిపోవడం తరచూ కనిపించే తప్పు.

పాయింట్ల స్థానంలో డిస్ట్రిబ్యూటర్ లోపల కూర్చునే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ గ్యాప్ అరుగుదలను తప్పిస్తుంది, టైమింగ్ నెలల తరబడి కదలకుండా ఉంటుంది. అయితే బరువులు, స్ప్రింగులు, బుష్‌లు పాతవే. అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో మాడ్యూల్ పెడితే వణుకు కొంత తగ్గవచ్చు కానీ అడ్వాన్స్ తప్పు అలాగే ఉంటుంది. కొనేముందు బండి నెగటివ్ ఎర్తా, పాజిటివ్ ఎర్తా చూడాలి, తప్పుగా కలిపితే మాడ్యూల్ ఒక్క క్షణంలో పోతుంది. బల్బుతో స్టాటిక్ పెట్టే పద్ధతి చాలా మాడ్యూళ్లకు కుదరదు, లైటు తప్పనిసరి.

నిలిపి ఉంచే బండ్లకు అదనపు జాగ్రత్త

2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ కింద వీఏ సిరీస్‌లో నమోదు చేయించుకోవచ్చు. అలా నమోదైన వాటిని ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోల్, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డు మీదికి తేవాలి. అంటే ఈ బండ్లు ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటాయి. నెల రోజులు నిలిస్తే తీర ప్రాంతపు తేమకు పాయింట్ల మీద సన్న పొర కడుతుంది, బరువుల పిన్నులు బిగుసుకుంటాయి. తీసే ముందు పాయింట్ల మధ్య శుభ్రమైన గట్టి కాగితం ముక్క ఒకటి లాగి, రోటర్ కింద స్క్రూ మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి, రోటర్ మెలిపెట్టి చూడాలి.

కొత్త పాయింట్లు వేసిన బండికి మొదటి 500 కిలోమీటర్ల తర్వాత గ్యాప్, టైమింగ్ మళ్లీ చూడాలి. రాపిడి ముక్క కామ్‌తో సర్దుకునే ఆ దశలోనే అరుగుదల ఎక్కువ. ఆ తర్వాత ప్రతి 5000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికోసారి ఎండలు ముదరకముందు ఫిబ్రవరిలో చూసుకుంటే సరిపోతుంది. డ్వెల్, స్టాటిక్, పూర్తి అడ్వాన్స్, ఆ వేళ ఉష్ణోగ్రత అనే నాలుగు అంకెలు బోనెట్ లోపలి వైపు కాగితం మీద రాసి అతికిస్తే తర్వాత చేతులు పెట్టే మెకానిక్‌కు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.